వానాకాలం పీటీ పీరియడ్

కొత్త రబ్బరు వాసన గొంతులో పట్టుకుంటుంది. ఆ గది తలుపు తీయగానే ముందు ఆ వాసన వచ్చింది, తర్వాత ఏసీ చలి, ఆ తర్వాత గోడంత తెర మీంచి ఆట మొదలయ్యే ముందు వినిపించే టింగ్ టింగ్ చప్పుడు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. వెనక వస్తున్నవాళ్ళు నా కాలు చూసి, గడప దాటడానికి ఇబ్బంది పడుతున్నాననుకుని, "ఆరామ్ సే మేడం, ఆరామ్ సే" అన్నారు. నాకేమీ ఇబ్బంది లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో నేను చదువుకున్న బడి అది. ఇప్పుడు నేను ఇక్కడే ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుని. బడిలో 'డిజిటల్ ఫిట్‌నెస్ గది' తెరుస్తున్నామని, పూర్వ విద్యార్థినిగా వచ్చి రెండు ముక్కలు మాట్లాడమని పిలిచారు. రిబ్బను కత్తిరించిన అధికారి మైకు అందుకుని, వీడియో గేములు ఆడిస్తూ పిల్లల చేత వ్యాయామం చేయించడం ఈ ద్వీపాల్లో ఇదే మొదటిసారి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్క కుర్చీలో ఉన్న పాత గుమాస్తా కూడా కొట్టాడు. ఇది మొదటిసారి కాదని ఆయనకి తెలుసు. కొడుతూనే నా వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

అందుకే ఇది రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను, దాచుకోవడం లేదు. ఆ గది శిలాఫలకం మీద చాలా పేర్లున్నాయి. ఉండాల్సిన ఒక్క పేరు లేదు. ఆ పేరు నూకరత్నం. మేమంతా రత్నం మేడం అనేవాళ్ళం. మా బడిలో పీటీ టీచరు.

ఆవిడ వాళ్ళ తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి వలలతో సహా ఓడెక్కి వచ్చేసిన కుటుంబం వాళ్ళది. మాదీ అంతే. మనిషి పొట్టి. భుజాలు మాత్రం మెడ కనిపించనంత బలంగా ఉండేవి. చీర కుచ్చెళ్ళు పైకి దోపి, దాని మీద నీలం రంగు ట్రాక్ సూట్ కోటు వేసుకుని, కాళ్ళకి కాన్వాస్ బూట్లతో తిరిగేవారు. ఆ వేషాన్ని చూసి స్టాఫ్ రూములో నవ్వుకునేవాళ్ళు. ఆవిడకి తెలుసు. స్టాఫ్ రూములో కూర్చోవడమే మానేసి, మెట్ల కింద ఒక కుర్చీ వేసుకున్నారు. నెమ్మదిగా మాట్లాడటం ఆవిడకి వచ్చేది కాదు. తెలుగులో మొదలుపెట్టిన తిట్టు హిందీలో ముగిసేది. ఎవరితో మాట్లాడినా గొడవ పడుతున్నట్టే ఉండేది, సగం సార్లు గొడవే పడుతూ ఉండేవారు కూడా.

నాకు ఆరేళ్ళప్పుడు జెట్టీ మెట్ల మీద నాచుకి జారి పడ్డాను. విరిగిన ఎముక సరిగా అతుక్కోలేదు. ఎడమ కాలు కుడి కాలి కంటే కాస్త పొట్టిగా మిగిలింది. అప్పటి నుంచి బడిలో నాకు పీటీ నుంచి శాశ్వతంగా ఎక్స్‌క్యూజ్. మిగతా పిల్లలు గ్రౌండులో ఉన్నంతసేపూ నేను వరండాలో కూర్చుని వాళ్ళ చెప్పులకీ, నీళ్ళ సీసాలకీ కాపలా కాసేదాన్ని. ఏళ్ళ తరబడి అదే నా వ్యాయామం. అలా కూర్చోబెట్టినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పాపం పిల్ల, ఎందుకు కష్టపెట్టడం అనుకున్నారు. ఆ జాలి మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. ఆసుపత్రిలో రోజూ అలాంటి జాలి పాలైన ఒళ్ళు చూస్తుంటాను. ఎవరూ కదిలించక, కదలమని చెప్పక, బిగుసుకుపోయిన భుజాలూ నడుములూ చూస్తుంటాను.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా రత్నం మేడం మా బడికి వచ్చారు. మొదటి రోజే నేరుగా వరండాలోకి వచ్చి నా ముందు నిలబడ్డారు.

"నిన్నెవరు కూకోమన్నారు?"

"నాకు ఎక్స్‌క్యూజ్ ఉంది మేడం."

"దేనికి?"

కాలు చూపించాను. ఆవిడ వంగి, రెండు మడమలూ పక్కపక్కన పెట్టి చూశారు.

"ఒక కాలు పొట్టి. ఠీక్ హై. మిగతా ఒళ్ళేం తప్పు చేసింది, దాన్నీ కూకోబెట్టేవు?"

అంతవరకూ నా ఒంట్లో కాలు తప్ప ఇంకేదీ ఉందని ఎవరూ నాకు గుర్తు చేయలేదు. "పేరేటి?" అన్నారు. గౌరి అని చెప్పాను. "చల్ గౌరీ, లే" అని చెయ్యి చాచారు. ఆ రోజు గ్రౌండంతా ఆవిడ వెనక నడిచాను, అంతే. పిల్లలు నవ్వారు. ఆవిడ ఈల వేసి, నవ్విన వాళ్ళందరి చేతా గుంజీలు తీయించారు.

కానీ గ్రౌండు మాకు దక్కేది ఎన్ని నెలలు? మా దీవుల్లో మే నెలలో పట్టుకున్న వాన డిసెంబరు దాకా వదలదు. గ్రౌండు బురద మడి అయిపోతుంది. వాన పడగానే పీటీ పీరియడ్ లెక్కల సారుకి ఇచ్చేసేవాళ్ళు. ఎండ కాసే నాలుగు నెలలూ గ్రౌండు మగపిల్లల క్రికెట్‌ది. ఆడపిల్లలు అంచున నిలబడి బంతి వస్తే అందించేవాళ్ళు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి మా క్లాసు అమ్మాయిల్లో పరిగెత్తగలిగేవాళ్ళు లేరు. కాళ్ళు బాగున్నవాళ్ళకీ నాకూ తేడా లేకుండా పోయింది. రత్నం మేడం ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి అడిగిన మాట బయట కారిడార్ దాకా వినిపించింది.

"వాన పడితే సైన్సు ఆపుతున్నారా సార్? ఇంగ్లీషు ఆపుతున్నారా? వాన పడినప్పుడు పిల్లల ఒళ్ళు ఇంటికాడ వదిలేసి వస్తున్నారా?"

ప్రిన్సిపాల్ చివరికి, మీకు స్టోర్ రూమ్ ఇస్తాను, అందులో ఏం చేసుకుంటారో చేసుకోండి అన్నారు. విరిగిన బెంచీలు, గాలి పోయిన ఫుట్‌బాళ్ళు, చెదలు తిన్న క్యారమ్ బోర్డులు ఉన్న గది అది. మేమే ఊడ్చాం, మేమే కడిగాం. గది ఖాళీ అయ్యాక చూస్తే అందులో పరిగెత్తడానికి చోటు లేదు. ఎగిరితే తప్ప ఏమీ చేయలేం. వారం రోజులు మా చేత డ్రిల్లు చేయించారు. ఒకటి, రెండు, చేతులు పైకి, చేతులు కిందికి. మూడో రోజుకే సగం మందికి కడుపు నొప్పి, మిగతా సగానికి తలనొప్పి. మేడం మా మొహాలు చూసి ఒకరోజు ఈల జేబులో వేసుకున్నారు. "బస్. మీకూ విసుగే, నాకూ విసుగే" అని వెళ్ళిపోయారు.

ఆ తర్వాతి వారం ఆటోలో ఒక టీవీ దిగింది. అది ఆవిడ ఇంట్లో టీవీయే. దానితో పాటు ఒక నల్లటి పెట్టె, టీవీ మీద పెట్టే చిన్న కెమెరా. సరుకు ఓడల మీద పనిచేసే తమ్ముడు విదేశం నుంచి అక్కకి తెచ్చి ఇచ్చిన ఆట అది. చేతిలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మనం టీవీ ముందు నిలబడితే కెమెరా మన ఒంటిని చూస్తుంది. మనం చెయ్యి ఎత్తితే తెర మీద బొమ్మ చెయ్యి ఎత్తుతుంది, మనం గెంతితే అది గెంతుతుంది. బొమ్మ ఒక తెప్ప మీద ఉంటుంది. తెప్ప వాగులో పోతుంటుంది. పక్కకి వాలాలి, కొమ్మ తగలకుండా వంగాలి, బండ వస్తే గెంతాలి.

మొదట ఎవరూ ముందుకి రాలేదు. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఒకరినొకరు తోసుకున్నాం. మౌషుమి అని ఒక బెంగాలీ అమ్మాయి ఉండేది. హాజరు పలికేటప్పుడు తప్ప ఆ పిల్ల గొంతు మేమెవరమూ వినలేదు. మేడం ఆ పిల్లని పట్టుకుని నిలబెట్టారు. తెప్ప కదిలింది. మొదటి బండకి మౌషుమి గెంతలేదు, రెండో దానికి కాస్త గెంతింది, తర్వాత చున్నీ తీసి మూలకి విసిరేసి, అరుస్తూ, అటూ ఇటూ వాలుతూ, చివరికి చెమటతో తడిసిపోయి నేల మీద కూర్చుండిపోయింది. "దోబారా, దోబారా" అని ఒకటే పట్టు. ఇంకోసారి ఆడతానని.

నేను మూలన నిలబడి చూస్తున్నాను. నా వంతు వచ్చింది. తెర మీద నా బొమ్మ తెప్ప మీద నిలబడింది. దానికి రెండు కాళ్ళూ సమంగా ఉన్నాయి. నేను కుంటుతూ పక్కకి జరిగితే అది చక్కగా నడిచింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మేడం, చూడండి, ఎంత బాగా నడుస్తోందో" అన్నాను.

"దాన్ని చూసి మురిసిపోకు" అన్నారు మేడం. "అది ఎలాగ నడిస్తే నాకేటి. నువ్వు నడు."

అప్పుడు గమనించాను, ఆవిడ తెర వైపు తిరిగి లేరు. తెరకి వీపు పెట్టి, మా వైపు తిరిగి నిలబడ్డారు. ఎవరికి ఎన్ని పాయింట్లు వచ్చాయో ఆవిడకి ఎప్పుడూ తెలిసేది కాదు. గెంతి దిగేటప్పుడు ఎవరి మోకాలు లోపలికి వంగుతోందో, ఎవరు ఊపిరి బిగబడుతున్నారో, అది తెలిసేది. "మీరు ఆట చూడండి, నేను మోకాళ్ళు చూస్తా" అనేవారు. నేను దిగిన ప్రతిసారీ నడుం ఒక పక్కకి ఒరిగిపోతోందని ఆవిడ కనిపెట్టారు. మర్నాడు పాత హవాయి చెప్పు ఒకటి తెచ్చి, అట్టను నా పాదం కొలతకి కోసి, నా ఎడమ బూటు అడుగున అతికించారు. అంతే. ఇన్నేళ్ళలో ఎంతమందో నా కాలు చూశారు. చెప్పు ముక్క పెట్టాలని ఒక్కరికీ తోచలేదు.

ఆ ఏడు వానాకాలమంతా ఆ స్టోర్ రూములో గెంతాం. చాలాసార్లు మధ్యలో కరెంటు పోయేది. అయ్యో అని మేం ఆగిపోతే, "కరెంటు పోయింది, మీ కాళ్ళు పోలేదు" అని చీకటి గదిలో ఆవిడే వాగు అయ్యేవారు. "ఎడమకి. వంగు. బండ. గెంతు. ఇంకో బండ." మేం లేని వాగులో లేని తెప్ప నడిపేవాళ్ళం. డ్రిల్లంటే కడుపు నొప్పి వచ్చిన పిల్లలమే. మౌషుమి ఒకరోజు ఎదురు తిరిగి, మీరు బండలు మరీ దగ్గర దగ్గరగా వేస్తున్నారని మేడంతో పోట్లాడింది. ఆ ఏడు డిసెంబరుకి నేను మా ఇల్లుండే డిగ్నాబాద్ ఎత్తు మధ్యలో ఎక్కడా నిలబడకుండా ఎక్కి, రోజూ కంటే ముందే ఇంటికి వెళ్ళాను. మా అమ్మ గుమ్మంలో చేపలు కడుగుతూ తలెత్తి, "బస్సు మీదొచ్చేవేటే?" అంది. మా ఇంటికి బస్సు రాదు.

ఇలా సాగనిచ్చి ఉంటే ఎవరికేం నష్టం? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. మరుసటి ఏడు వాన పట్టాక కొందరు పెద్దలు ప్రిన్సిపాల్‌కి ఫిర్యాదు చేశారు. పిల్లల చదువు పాడవుతోందని పైకి చెప్పారు. అసలు సంగతి అది కాదు. ఆడపిల్లలు గది తలుపులు వేసుకుని గెంతుతున్నారట, అరుస్తున్నారట, బయటికి వినిపిస్తోందట. మగపిల్లలు గ్రౌండులో గొంతు చించుకుని అరుస్తుంటే అది ఎన్నడూ ఎవరి చెవికీ తగల్లేదు. తనిఖీకి ఒక అధికారి వచ్చారు. మేం ఆట మధ్యలో ఉండగా తలుపు తోసుకుని లోపలికి వచ్చి, "ఇది బడా, గేమ్ పార్లరా?" అని హిందీలో అడిగారు. ప్రిన్సిపాల్ వెనకే ఉన్నారు. ముందు నెలలో ఇదే గదికి అతిథుల్ని తీసుకొచ్చి, మా బడిలో కొత్త ప్రయోగం అని చూపించినాయన ఆరోజు నేల చూపులు చూశారు. అధికారి కళ్ళు నా బూటు మీద పడ్డాయి.

"ఈ అమ్మాయికి ఎక్స్‌క్యూజ్ ఉంది కదా. ఈమె చేత కూడా గెంతిస్తున్నారా? ఏదైనా అయితే ఎవరిది బాధ్యత?"

"ఇన్నాళ్ళు కూకోబెట్టినందుకు బాధ్యత ఎవరు తీసుకున్నారు సార్?" అన్నారు రత్నం మేడం. "అది చెప్పండి, తర్వాత ఇది చెప్తాను."

ఆయన మొహం ఎర్రబడింది. జవాబు చెప్పాల్సిన అవసరం ఆయనకి లేదు కదా. వారం తిరక్కుండా ఆర్డర్లు వచ్చాయి. స్టోర్ రూమ్ మళ్ళీ స్టోర్ రూమ్ అయింది. పెట్టె, కెమెరా, టీవీ అన్నీ ఆఫీసు స్వాధీనం. వస్తువులు మేడం సొంతమైనా, బడిలో అనుమతి లేకుండా పెట్టినవి కాబట్టి విచారణ అయ్యేదాకా ఇవ్వరట. మేడంకి బదిలీ. దక్షిణాన చిట్టచివరి దీవికి. పరిపాలనా అవసరాల దృష్ట్యా అని రాశారు. అది శిక్ష కాదని, మామూలు బదిలీయేనని అప్పటివాళ్ళు ఇప్పటికీ అంటారు. అంత మామూలైనదైతే చదువుల మధ్యలో, వాన పడుతుండగా, ఒక్క ఆవిడకే ఎందుకు వచ్చిందో చెప్పరు.

మేం కొందరం జెట్టీకి వెళ్ళాం. ఆవిడ ఒక ట్రంకు పెట్టె, ఒక సంచీతో ఓడ కోసం నిలబడి ఉన్నారు. మేం ఏడుస్తున్నాం. ఆవిడ మొహం రాయిలా ఉంది.

"ఏడుపు ఆపండి" అన్నారు. "ఏడిస్తే ఊపిరి ఖర్చయిపోతాది. ఊపిరి పెంచడానికి నేనెంత తిప్పలు పడ్డానో మీకు తెలుసు."

"మళ్ళీ ఎప్పుడొస్తారు మేడం?" అన్నాను.

"నన్నడిగి పంపిస్తున్నారా, నన్నడిగి రప్పించడానికి?" అని, ట్రంకు పెట్టె తనే ఎత్తుకుని నిచ్చెన ఎక్కేశారు. వెనక్కి తిరిగి చూడలేదు. కోపం వచ్చినప్పుడు ఆవిడ ఎవరి మొహమూ చూసేవారు కారు.

పీటీ పీరియడ్ లెక్కల సారుకి పోయింది. నన్ను మళ్ళీ వరండాలో కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు, నిలబడ్డాను. అంతకంటే చేయగలిగింది ఏమీ లేకపోయింది. అప్పుడే ఒకరోజు మా క్లాసులోనే చదివే ప్రిన్సిపాల్ గారబ్బాయి, వాళ్ళింట్లో కొత్త ఆట ఉందని గొప్పలు చెప్పడం మొదలుపెట్టాడు. వాగు, తెప్ప, బండలు. "గెంతక్కర్లేదు, సోఫాలో కూర్చుని చెయ్యి ఊపితే చాలు, కెమెరాకి తెలీదు" అన్నాడు. విచారణ కోసం స్వాధీనం చేసుకున్న పెట్టె ఎక్కడుందో అలా తెలిసింది. ఇంటికి వచ్చి అమ్మతో చెప్పాను. అమ్మ అంతా వింది. మర్నాడు ఆదివారం. చేపలు అమ్మడానికి వెళ్తూ, "నడు, దారి చూపించు" అంది.

ప్రిన్సిపాల్ క్వార్టర్ మిన్నీ బే వైపు ఉండేది. అమ్మ గుమ్మం ముందు గంప దించింది. ఆయన బనీనుతో బయటికి వచ్చారు.

"ఈరోజు చేపలు వద్దమ్మా."

"చేపలకి కాదు బాబూ. రత్నం మేడంగారి పెట్టి కోసమొచ్చినాను. ఆవిడ నేదు కదా, మా ఇంట్లో దాస్తాను."

"అది ఆఫీసులో ఉంది. విచారణ జరుగుతోంది. అలా ఇవ్వడానికి కుదరదు."

లోపలి నుంచి టింగ్ టింగ్ మని వినిపించింది. తర్వాత నీళ్ళ హోరు. అమ్మ చెవి అటు పెట్టి వింది.

"ఆఫీసు మీ ఇంట్లోనే ఉన్నాదేటి బాబూ?"

ఆయన లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. అమ్మ గంప పక్కనే మెట్టు మీద కూర్చుంది. నన్నూ కూర్చోమంది. గంపలో కానాగంతలు. ఆ పూట వాన తెరిపిచ్చి, ఎండ చురుక్కుమంటోంది. ఎండ ఎక్కేకొద్దీ వాసన ఎక్కింది. ఈగలు వచ్చాయి, పిల్లులు వచ్చాయి. చుట్టుపక్కల క్వార్టర్ల కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. ఎవరైనా వచ్చి ఏమిటమ్మా ఇక్కడ కూర్చున్నావని అడిగితే అమ్మ దాపరికం లేకుండా చెప్పింది. "మేడంగారి పెట్టి కోసం. లోపల బాబు ఆడతన్నాడు, ఆట అవనీ అని కూకున్నాను." మధ్యాహ్నానికి ఆయన భార్య తలుపు తీశారు. చేతుల్లో పెట్టె, దాని మీద చుట్టిన వైర్లు, కెమెరా. మా అమ్మ మొహం చూడకుండా, "తీసుకెళ్ళమ్మా" అన్నారు. ఆవిడ గొంతులో సిగ్గు ఉంది. ఆ ఇంట్లో అది ఆవిడ ఒక్కరికే ఉంది. అమ్మ చేపలన్నీ పారబోసి, కడిగిన గంపలో పెట్టెను పెట్టుకుని తలకెత్తుకుంది. ఆరోజు అమ్మకం లేదు. అయినా డిగ్నాబాద్ దాకా అమ్మ నవ్వుతూనే ఉంది.

పెట్టెను మా ఇంటి టీవీకి తగిలించాం. అలా మా ముందు గది వానాకాలం బడి అయింది. నాన్న వలలు పక్కింటి షెడ్డులోకి వెళ్ళాయి. బడి అయ్యాక మౌషుమీ, ఇంకొందరూ వచ్చేవాళ్ళు. ఆ పక్క వీధి పిల్లలు వచ్చేవాళ్ళు. వాళ్ళ అమ్మలు ముందు గుమ్మంలో నిలబడి చూసేవాళ్ళు, తర్వాత చీర చెంగు బిగించి లోపలికి వచ్చేవాళ్ళు. ఎవరో ఒకరు టీవీకి వీపు పెట్టి నిలబడాలి. ఆ పని నాది అయింది. నెట్‌వర్క్ దొరికిన రోజు మేడం ఫోను చేసేవారు. మాట సగం సగం వినిపించేది. "ఎవరైనా పడ్డారా?" అని అడిగేవారు. లేదంటే, "అయితే సరిగ్గా ఆడట్లేదు" అనేవారు. అక్కడ ఆవిడకి ఉన్నది ఇసుక, కొద్దిమంది పిల్లలు, వచ్చీపోయే కరెంటు. అయినా ఇసుకలో గీతలు గీసి తెప్ప ఆట ఆడిస్తున్నానని చెప్పారు. తిరిగి రావడానికి ఎన్నోసార్లు అర్జీ పెట్టారు. ఒక్కదానికీ జవాబు రాలేదు. వాళ్ళమ్మ ఇక్కడ పోయినప్పుడు సముద్రం బాగోలేక ఓడ కదల్లేదు. ఆవిడ వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. ఒక గదిలో పిల్లల్ని గెంతించినందుకు ఒక మనిషి ఇంత చెల్లించాలా అని నేను అడిగితే, బదిలీలు అందరికీ ఉంటాయమ్మా అన్నారు ఆఫీసులో ఒకాయన.

నేను విశాఖపట్నంలో ఫిజియోథెరపీ చదివి తిరిగి వచ్చాను. మా ఆసుపత్రిలో పక్షవాతం వచ్చినవాళ్ళ చేత అలాంటి ఆటే ఆడిస్తాను. చెయ్యి ఎత్తండి అంటే ఎత్తని ముసలి జాలరి, తెర మీద వల విసరమంటే భుజం దాకా ఎత్తుతాడు. మొదట్లో నా తోటివాళ్ళు నవ్వారు. నవ్వనిచ్చాను. గొడవ పడాల్సిన చోట గొడవ పడ్డాను. మా విభాగంలో నాకు జగడాల మేడం అని పేరుంది. నాకు వినిపించదనుకుంటారు.

రత్నం మేడం రిటైరయ్యాకే తిరిగి వచ్చారు. ఇక్కడే ఆస్టినాబాద్‌లో, తమ్ముడి ఇంటి పక్కన రెండు గదుల్లో ఉండేవారు. అప్పటికే గుండె బలహీనపడింది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. మా బడిలో కొత్త గది కడుతున్నారని తెలిసి, సంతోషిస్తారేమోనని వెళ్ళి చెప్పాను. పెద్ద తెర అట, ఆట ఆడుతూ తొక్కే సైకిళ్ళట, కింద రబ్బరు పరుస్తున్నారట. ఆవిడ మంచం మీద కూర్చుని అంతా విన్నారు. నన్ను పిలుస్తారా అని అడగలేదు. నా పేరు చెప్తారా అని అడగలేదు.

"ఆడపిల్లల్ని ఏ పీరియడ్‌లో రానిస్తారంట?" అన్నారు.

"తెలీదు మేడం."

"అది తెలుసుకో ముందు. తెర ఎంతుంటే ఏటి."

తెలుసుకుని చెప్పేలోగా ఆవిడ పోయారు. జల్లు పడుతున్న ఒక ఉదయం, టీ కప్పు చేతిలో ఉండగానే. శ్మశానానికి బడి తరఫున ఎవరూ రాలేదు.

ప్రారంభోత్సవం నాడు నా వంతు వచ్చినప్పుడు మైకు ముందు నిలబడి, ఇది మొదటిసారి కాదు అన్నాను. ఆవిడ పేరు చెప్పాను. ఆ స్టోర్ రూమ్ ఏ వైపు ఉండేదో చెయ్యి పెట్టి చూపించాను. ఆ తర్వాత, ఆడపిల్లలకి ఈ గదిలో ఏ పీరియడ్ ఇస్తున్నారని అడిగాను. వేదిక మీద ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. టైమ్ టేబుల్ ఇంకా ఖరారు కాలేదన్నారు. సైకిళ్ళ సీట్లకి ఇంకా ప్లాస్టిక్ కవర్లు ఉన్నాయి. అమ్మాయిలు వెనక వరసలో, పూల పళ్ళేలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

తర్వాతి వారం వాన పడుతుంటే వెళ్ళాను. గదికి తాళం. పీటీ పీరియడ్‌లో పిల్లలు లెక్కలు చేసుకుంటున్నారు. అతిథులు వచ్చినప్పుడు తెరుస్తామని, లేకపోతే వస్తువులు పాడవుతాయని చెప్పారు. వస్తువులు పాడవుతాయట. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. ఇప్పుడున్న ప్రిన్సిపాల్ మంచావిడే. నన్ను చూడగానే కుర్చీ వేయిస్తారు, టీ తెప్పిస్తారు, మీరు శాంతంగా ఉంటే అన్నీ అవే జరుగుతాయి మేడం అంటారు. నేను శాంతంగా ఉన్నంతకాలం ఏదీ జరగడం చూడలేదు. నాకు దొరికిన ఒకే ఒక్క గురువు శాంతమైన మనిషి కాదు. ఆవిడ దగ్గర నేర్చుకున్న వాటిలో నాకు ఎక్కువగా అక్కరకు వస్తున్నది కోపమే. దాన్ని చల్లార్చుకోమని ఇంట్లోవాళ్ళు, స్నేహితులు చెప్తూనే ఉంటారు. రక్తపోటు పెరుగుతుందంటారు. పెరగనీ.

మొన్న ప్రిన్సిపాల్ గారు ఫోను చేశారు. అమ్మాయిలకి మంగళవారం మూడో పీరియడ్ ఇచ్చామని, వాన పడినా పడకపోయినా అది వాళ్ళదేనని చెప్పారు. ఇక మీకు సంతోషమేనా అని అడిగారు. వారానికి ఒక్క పీరియడ్. మగపిల్లలకి మూడు. థ్యాంక్స్ చెప్పి పెట్టేశాను. సోమవారం ఆసుపత్రికి సెలవు పెట్టాను. మిగతా రెండు పీరియడ్ల సంగతి అడగడానికి వెళ్తున్నాను.